డాబా మీద ఇనుప పిన్ని

మా అపార్ట్‌మెంట్లో పక్కింటావిడ బాల్కనీలో కొత్తగా గాలిగంటలు వేలాడదీసింది. గోదావరి మీంచి గాలి రాగానే అవి మోగుతాయి, నాకు ఒళ్లు జలదరిస్తుంది. తీసెయ్యమని అడగడానికి మొహమాటం. అడిగితే కారణం చెప్పాలి, చెబితే ఈ వయసులో దయ్యాలేంటండీ అంటుంది.

తొంభైల్లో మాది మండపేటలో ఉమ్మడి కాపురం. మా బాబాయి రైసుమిల్లు మెకానిక్కు. ప్రేమ ఉన్నా చెప్పడం చేతకాని మనిషి, వచ్చిందల్లా వెల్డింగే. పెళ్లయిన రెండేళ్లకే పిన్ని పచ్చకామెర్లతో పోయింది. ముగ్గు వేస్తున్నా, చేపలు తోముతున్నా ఆవిడ ఒకటే కూనిరాగం తీసేది. ఏడాది తిరక్కుండా బాబాయి మిల్లు జల్లెడ రేకులతో కుచ్చిళ్లు, ఇనప చువ్వలతో చేతులు అతికి డాబా మీద ఒక ఆడమనిషిని నిలబెట్టాడు. ఆ చేతులకు గొట్టాలు వేలాడదీసి, ఆకురాయితో అరగదీసి అరగదీసి, గాలికి పిన్ని కూనిరాగం పలికేలా చేశాడు. అచ్చంగా అదే అనను గానీ, విన్నవాళ్లెవరూ ఇంకో పేరు చెప్పలేదు. మేం పిల్లలం దానికి ఇనుప పిన్ని అని పేరు పెట్టి పగలు నవ్వుకునేవాళ్లం, చీకటి పడ్డాక డాబా మెట్ల వైపు వెళ్లేవాళ్లం కాదు.

నాయనమ్మ పోరు పడలేక బాబాయి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొగల్తూరు నుంచి వచ్చిన కొత్త పిన్ని మెడలో, మా ఇళ్లలో ఆనవాయితీ ప్రకారం, పోయినావిడ పేరున సవతి బిళ్ళ కట్టారు. అలా కడితే పోయినావిడ శాంతించి కొత్తావిణ్ణి కాపురం చేసుకోనిస్తుందట.

"మెడలోనూ ఆవిడే, డాబా మీదా ఆవిడే. మధ్యలో నేనెక్కడ సర్దుకోవాలో చూపించండత్తయ్యగారూ" అంది పిన్ని నవ్వుతూ. నాయనమ్మ నవ్వలేదు. బాబాయి ఆవిణ్ణి "ఇదిగో" అనే తప్ప పేరు పెట్టి పిలిచేవాడు కాదు.

ఒక వేసవి పొద్దున, ఆకు కదలని ఉక్కలో, ఆ కూనిరాగం వినబడింది. బాబాయి కాఫీ గ్లాసు కింద పెట్టి డాబా ఎక్కాడు, వెనకే నేనూ. గొట్టాలు కదలడం లేదు. పాట కింద పెరట్లోంచి వస్తోంది. బాబాయి పిట్టగోడ మీంచి వంగి, పోయినావిడ పేరు పెట్టి పిలిచాడు.

గిన్నెలు తోముతున్న కొత్త పిన్ని తలెత్తకుండానే "ఆఁ, వస్తున్నానండీ" అంది. అనేశాక చేతిలో గిన్నె జారిపోయింది. అంత భయం నేను మళ్లీ ఏ ముఖంలోనూ చూడలేదు.

"ఆవిడ పాట నాకొచ్చేసింది. పేరూ వచ్చేసింది" అంది. "మరి నా పేరు ఎవరికిచ్చేశారండీ?"

 ఆ మధ్యాహ్నమే బాబాయి మిల్లు నుంచి గ్యాస్ కటింగ్ సెట్టు తెచ్చి ఇనుప పిన్నిని ముక్కలు చేశాడు. కోస్తున్నంతసేపూ ఏడ్చాడు, చూస్తున్న నాకూ ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచి పిన్నిని పేరు పెట్టే పిలిచాడు, అవసరం ఉన్నా లేకపోయినా. కాఫీ అడగడానికి ఒకసారి, తాగేశానని చెప్పడానికి ఇంకోసారి.

పాట మాత్రం పోలేదు. పిన్నికి తెలియకుండానే నోట్లోంచి వస్తుంది, బాబాయి పోయాక కూడా. మొదటావిడ దాన్ని పాడింది రెండేళ్లు, ఈవిడ పాడబట్టి పాతికేళ్లు దాటిపోయింది. పోయినవాళ్లు ఉన్నవాళ్లను వదలరంటారు. ఇంతకాలం గడిచాక, ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని వదల్లేదో నాకు తేలడం లేదు.