చూడని చోట్ల బొమ్మలు

ఖతార్ దేశపు దోహాలో ఒక మ్యూజియంలో కాపలా ఉద్యోగం నాది. ఉద్యోగమంటే నిలబడటమే. కుర్చీ ఉంటుంది, కూర్చోకూడదు. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల ఏసీకి నేను స్వెట్టర్ వేసుకోవాలి.

ఆ చలిలోనే ఒకప్పటి జపాన్ కళాకారుడి బొమ్మలకు మూడు నెలలు కాపలా ఉన్నాను. చెక్క మీద చెక్కి, కాగితం మీద అచ్చు వేసినవి. అన్నీ వాళ్ళ దేశంలో పేరున్న కొండలు, జలపాతాలు, గుళ్ళు. గీసినాయనకే పెద్దగా పేరు లేదు. ఉన్న పేరుకేమో నా నోరు తిరగదు. వచ్చినవాళ్ళు పేరు మోసిన ఇంకొకాయన బొమ్మలెక్కడని నన్నే అడిగి వెళ్ళిపోయేవారు.

పొద్దుపోక, పక్కన అతికించిన ఇంగ్లీషు రాతలను రోజుకు రెండు వరుసల చొప్పున కూడబలుక్కున్నాను. ఆ మహానుభావుడు వీటిలో చాలా చోట్లకు అసలు వెళ్ళనేలేదట. ఎవరివో పుస్తకాలు ముందు పెట్టుకుని, ఇంట్లో కూర్చుని గీసేశాడట. మనవాడే అనుకున్నాను.

ఎందుకంటే జగిత్యాల పక్కన మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. ఖతార్ వేరే దేశమని కొన్నాళ్ళు చెప్పి చూశాను. విసుగొచ్చి నేనూ దుబాయ్ అనడం మొదలుపెట్టాను. అక్కడి పొడుగు టవర్ ఎక్కావా అని నా భార్య అడిగితే, ఎక్కానన్నాను. ఫోన్లో వీడియోలు చూసి, పైనుంచి ఏమేం కనబడతాయో ఆరేళ్ళుగా వర్ణిస్తున్నాను.

మొన్న ఆమె ఫోన్ చేసి, తన తమ్ముడికి దుబాయ్ వీసా వచ్చిందని, నా రూములోనే దిగుతాడని, మామిడికాయ తొక్కు పంపుతున్నానని చెప్పింది. టవర్ కూడా నేనే చూపించాలట. నాకు భయం పట్టుకుంది. అత్తగారింట్లో నవ్వుతారని కాదు. ఇది అబద్ధమని తెలిస్తే, ఆరేళ్ళుగా నేను చెప్పినవన్నీ అబద్ధాలే అనుకుంటుందేమోనని.

మర్నాడు డ్యూటీలో ఒక బొమ్మ దగ్గర ఆగిపోయాను. అది ఆయన సొంత ఊరి రేవు. మిగతా బొమ్మల్లో అన్నీ కడిగి పెట్టినట్టున్నాయి. ఇందులో మాత్రం పడవ బురదలో దిగబడింది, పాక ఒక పక్కకు ఒరిగింది, ఒక ముసలమ్మ ఎవరినో తిడుతోంది. ఇది ఆయన నిలబడి చూసిందేనని రాతలో లేకపోయినా తెలిసిపోయింది.

భోజనాల వేళ నా భార్యకు ఫోన్ చేసి మొత్తం చెప్పేశాను. నేనుండేది దుబాయే కాదని, టవర్‌ను వీడియోలోనే చూశానని.

“దేశం సంగతి నాకెర్క లేదు గని, టవర్ ఎక్కలేదని ఎప్పుడో ఎర్కే,” అంది. “మన లగ్గంల పప్పుకే వంక పెట్టినోనివి. గంత పెద్ద టవర్‌కు ఒక్క వంక గూడ పెట్టకపోతివి.”

తమ్ముడికి తనే చెప్పుకుంటానంది. ఇప్పుడు నా కళ్ళ ముందు ఏముందో అది చెప్పమంది.

చెప్పాను. మేం తినే గదికి కిటికీ లేదు. పప్పులో ఉప్పు లేదు. పక్కన నేపాలీ మిత్రుడు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. రూములో నాది పై మంచం, పొద్దున దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. అన్నిటికీ సణిగే నేను, ఆ మోకాలి మాట ఎన్నడూ ఎత్తలేదు.



“ఏ మోకాలు?” అని అడిగింది.