మాంగోలో మా వదిన దగ్గర ఒక ఇంగ్లీషు పూట

ఇది ఇవాళే రాయాలి. సోమవారం పొద్దున్న మస్కట్‌లోని ఒక ఇంటావిడతో నేనొక్కదాన్నే ఫోన్లో మాట్లాడి అద్దెగది ఖాయం చేసుకోవాలి. పై నెలలో అక్కడి ల్యాబ్‌లో నా ఉద్యోగం మొదలు. మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేనే. కానీ ఇంగ్లీషులో మాట్లాడటం నేర్చుకోడానికి బడి ముఖం చూడని మా వదిన దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మూడేళ్లు మస్కట్‌లో ఉండి, అన్నయ్య కాంట్రాక్టు అయిపోయాక వచ్చేసింది. ఆ ఇంటావిడ గదిలోనే వాళ్లు అప్పట్లో అద్దెకుండేవారు.

గోల్‌మురిలో మా ఇంటి దగ్గర తొమ్మిదిన్నరకి షేర్ ఆటో ఎక్కాను. సాక్చికి పదిహేను రూపాయలు, అక్కడ మారితే నది అవతల వదిన ఉండే మాంగోకి ఇంకో పదిహేను. వంతెన మీద ఆటో అరగంట కదల్లేదు. "మేడమ్, పైదల్ జాయియే, జల్దీ పహుంచేంగీ," అన్నాడు డ్రైవరు. నడిస్తేనే త్వరగా చేరతానట. దిగి నడిచాను. నడుస్తున్నంతసేపూ కుళ్లుగానే ఉంది. నేను పుస్తకాలతో సంపాదించలేని ఇంగ్లీషు వదిన మస్కట్ కూరగాయల కొట్లో బేరాలాడి సంపాదించింది.

"ఏటమ్మా, డిగ్రీ సదివినదానివి నా కాడికొచ్చినావు?" అని నవ్వి, వదిన ఇంటావిడకి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టింది. ఆవిడ గబగబా మాట్లాడింది. మా బడిలో మళ్లీ అడిగినవాళ్లని మొద్దు అనేవారు. ఆ అలవాటుతో సగమే అర్థమైనా నాలుగుసార్లు "యస్ మేడమ్" అన్నాను. వదిన ఫోన్ లాక్కుంది. "స్లో మేడమ్. వన్ మోర్ టైమ్." ఆవిడ నింపాదిగా మళ్లీ చెప్పింది. ఈమధ్య గదిలో వంట చేసుకోనివ్వడం లేదట, గది ఖాళీ అయ్యేది నేను దిగిన పది రోజులకట. రెండింటికీ నేను అప్పటికే ఒప్పేసుకున్నాను.

"పది రోజులు ఏడ తొంగుంటావు?" అంది వదిన. సోమవారం మళ్లీ మాట్లాడతానని చెప్పించింది. తర్వాత వాళ్లిద్దరూ మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకుంటూ నవ్వుకున్నారు. నాతో ఆవిడ ఒక్కసారీ నవ్వలేదు.

"అలా అడగడానికి నీకు సిగ్గెయ్యదా వదినా?"

"సిగ్గేటి? డాక్టరు ఏ మందిచ్చాడో తెలీకుండా మింగేత్తామేటి?"

తిరుగుదారిలో హారన్ల మోతలో ఎవరికీ వినపడకుండా "వన్ మోర్ టైమ్" అని అనుకుంటూ వంతెన దాటాను. కుళ్లు పోలేదు. కాకపోతే ఇన్నాళ్లూ ఆవిడ మాటలు చూసి కుళ్లుకున్నాను, ఇప్పుడు ఆవిడ ధైర్యం చూసి. బయటి దేశం వెళ్లేవాళ్లకి నేను చెప్పగలిగేది ఒకటే: అవుననే ముందు మళ్లీ అడగండి, మీకు అర్థమైంది వాళ్లకి తిరిగి చెప్పి చూడండి. మస్కట్‌లో అద్దెకున్నవాళ్లు ఉంటే, ఇంటావిడని ఇంకా ఏమేం అడగాలో ఆదివారం సాయంత్రంలోగా కింద రాయండి. అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను.