దారం కొరికే పన్ను

నేను గద్వాలలో పళ్ల డాక్టర్ని. ఆమధ్య ఒక ఆదివారం సెలవు వదులుకుని హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్లాను. విరిగిన ముందుపళ్లను సరిచేయడం నేర్పారు.

"మా ఊళ్లో నేతవాళ్లు పళ్లతో దారం కొరుకుతారు. ఇలా కట్టిన పన్ను ఆగుతుందా సార్?" అని నేర్పే సారును అడిగాను.

"వాళ్లకో కత్తెర కొనివ్వండి మేడమ్" అన్నారాయన. హాలంతా నవ్వారు. నేను కూర్చుండిపోయాను.

ఆ వారమే మగ్గం నేసే నర్సింహులన్నకు విరిగిన ముందుపన్ను నేర్చుకున్నట్టే కట్టాను. మర్నాడు ఊడిన ముక్కను అరచేతిలో పెట్టుకుని వచ్చాడు.

"ఏంది మేడమ్, పట్నం పోయి నేర్చుకొచ్చింది గిదేనా? ఒక్క పోగు కొరికితే ఊడిపాయె!"

బయట కూర్చున్న పేషెంట్లందరూ విన్నారు. కొందరు చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

మళ్లీ ఆ శిక్షణ పెట్టినప్పుడు బస్సులో నిలబడి వెళ్లి, ముందు వరుసలో కూర్చున్నాను. అదే సారు. లేచి అదే ప్రశ్న అడిగాను. మళ్లీ నవ్వారు. జవాబు వచ్చేదాకా నేను కూర్చోలేదు.

చివరికి ఆయన విసుక్కుంటూ, "అంచు కొంచెం పొట్టిగా ఉంచండి. కింది పన్ను తగలకూడదు" అన్నారు.

నర్సింహులన్నకు అలాగే మళ్లీ కట్టాను. ఆ పన్ను కిందిదానికి తగలదు కాబట్టి ఇప్పుడు పక్క పళ్లతో దారం కొరుకుతున్నాడు. నేను కట్టిన పన్ను నిలిచింది. అంత దూరం పోయేది మన పేషెంటు ప్రశ్న అడగడానికేనని నాకు అర్థమైంది. ఆ నవ్వులను మాత్రం మరచిపోలేదు.