పక్కన ఎవురూ మొదలుపెట్టల్యా

ఈ ఉదయం నంద్యాల బస్టాండు దగ్గర టీ తాగుతుంటే, ఎదుటి మేడ మీది ఇంగ్లీషు క్లాసులోంచి పిల్లలంతా ఒక్కసారిగా అరిచిన 'గుడ్ మార్నింగ్ సార్' వినిపించింది. నోట్లో టీ చేదెక్కింది. మా అక్క కూతురు ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి ఏడాదిపాటు వచ్చిన క్లాసు అదే. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం చేయాలని చేరింది. వంకాయలు తరుగుతూ కూడా పాఠాలు వల్లించేది. మా అక్కకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మురిసిపోయేది.

ఇంటర్వ్యూకు నేనే తీసుకుపోయాను. లోపల కూర్చున్న ఆవిడ నవ్వుతూ ఇంగ్లీషులో పేరు అడిగింది. మా పిల్ల నోరు తెరిచి కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, అంతే. ఆ ఉద్యోగం అక్కడే పోయింది.

"ఏందే, నీ పేరు గూడా మర్చిపోయినావా?" అన్నాను బయటికొచ్చాక.

"పేరు తెలుసు మామా. ఆడ పక్కన ఎవురూ మొదలుపెట్టల్యా."

నేను కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. అదీ ఎవరూ నేర్పింది కాదు, చూసి నేర్చుకున్నదే. ఆ సాయంత్రం పోయి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. గంటలో ముప్పావు గంట మాస్టరే మాట్లాడాడు. మిగిలిన పావుగంటను నలభైమందికి పంచితే తలా అర నిమిషం కూడా రాదు. ఆ కాస్తా గుంపు కేకలకే సరిపోయింది.

"ఇద్దరిద్దర్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించొచ్చు గదా సార్?" అన్నాను.

"తప్పులు మాట్లాడతారప్పా. పైగా గోల. నీ లెక్కలు నువ్వు చూసుకో పో."

"నీకు ఇంగ్లీషు వస్తాదని అందరికీ తెలుసు. మా పిల్లకు రావాలని గదా పంపించింది!" అని అరిచాను. గట్టిగా ఎవరు ఏమన్నా బదులు చెప్పే అలవాటు కొద్దీ క్లాసంతా 'యెస్ సార్' అంది. నవ్వు రాలేదు. ఒళ్లు మండింది.

మర్నాటి నుంచి మా పిల్ల క్లాసు మానేసి, పక్కింటి టైలరు కూతురితో మిద్దె మీద కూర్చునేది. ఒకతె రోగి, ఒకతె రిసెప్షన్.

"వేర్ పెయిన్?" అనేది మా పిల్ల.

"హెడ్ పెయిన్."

"సిన్స్ వెన్?"

"సిన్స్ యువర్ సార్!"

ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. తప్పులే, కానీ ఎవరి తప్పు వాళ్లు సొంత గొంతుతో మాట్లాడేవాళ్లు. కొన్నాళ్లకు ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. ఇప్పుడు ఫోనెత్తి ముందుగా తనే పలకరిస్తుంది.

నా కోపం మాత్రం చల్లారలేదు. టీ గ్లాసు పెట్టేలోపు మేడ మీద మళ్లీ 'యెస్ సార్' మోగింది. నలభైమంది పిల్లలది తలా ఒక ఏడాది, ఒక్క అరుపులో కలిసి పోతోంది.