పొట్టు చూపిన గాలి దారి

కారు ఆపి తాళంచెవి తీసేసినా, ముందు భాగంలో ఫ్యాను కాసేపు గుయ్యిమంటూ తిరుగుతుంది. ఈ ఉదయం కాశీబుగ్గ బజారు నుంచి వచ్చి ఇంటి ముందు ఆపినప్పుడూ అలాగే తిరిగింది. ఆ చప్పుడుతో పాటు వేడి రబ్బరు వాసన తగిలితే చాలు, ఎక్కడో జీడిగింజలు కాలుతున్నట్టు అనిపిస్తుంది. వెంటనే పార్వతమ్మగారు గుర్తొస్తారు.

ఆవిడ పలాసలో జీడిపప్పు కార్ఖానా నడిపేవారు. నేను అక్కడ సూపర్‌వైజరును. డైరీ రాసే అలవాటు నాకు అప్పటికే ఉంది. ఏ యంత్రం ఎందుకు ఆగింది, ఎవరివల్ల ఆగింది అన్నది రాయందే నిద్ర పట్టేది కాదు. ఆవిడకు అలాంటి పట్టింపులు లేవు. పాత అంబాసిడరు తానే నడుపుకుంటూ ఉద్దానం ఊళ్లన్నీ తిరిగి గింజలు కొనేవారు. ఆ కారుకు ఒకటే జబ్బు. రైల్వే గేటు పడితే చాలు, రేడియేటరులో నీళ్లు మరిగిపోయేవి.

ఒక వేసవిలో, మా దగ్గర పప్పుకు పొట్టు తీసే నీలవేణికి పెళ్లి కుదిరింది. వాళ్లలో పెళ్లికూతుర్ని అబ్బాయి ఊరికి తీసుకెళ్లి పెళ్లి చేస్తారు. ఆ ఊరు సోంపేట దాటాక, సముద్రం ఒడ్డున ఉంది. "నిన్ను నా కార్లోనే దింపుతానే" అని పార్వతమ్మగారు అందరి ముందూ మాటిచ్చేశారు. ఆ మాట అబ్బాయి ఊరిదాకా పాకింది. ఇక కారు దారిలో ఆగిందంటే నీలవేణి అత్తవారింట నవ్వులపాలవుతుంది.

కార్ఖానాలో కరెంటు పనులు చూసే తవిటయ్య, ఇంజనుతో పాటు తిరిగే పాత ఫ్యాను విప్పేసి, రేడియేటరు వెనక కరెంటు ఫ్యాను బిగించాడు. బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా వైరు లాగి, స్టీరింగు పక్కన స్విచ్చి పెట్టాడు.

పెళ్లినాడు చుట్టాలంతా బస్సులో ముందెళ్లారు. పెళ్లికూతురితో పాటు పార్వతమ్మగారు, తవిటయ్య, నేను కారెక్కాం. కాశీబుగ్గ గేటు దగ్గర చాలాసేపు నిలబడినా వేడి చూపే ముల్లు కదల్లేదు.

"సూసినారా అమ్మగోరూ, మంచులాగుంది!" అని తవిటయ్య మీసం దువ్వాడు.

గేటు లేచి, కారు వేగం అందుకున్నాక ముల్లూ లేచింది. సుమ్మాదేవి ఊరు చేరేసరికి బానెట్ లోంచి ఆవిరి. కారు ఆపేశాం, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

"సరిచూసుకోకుండా ఎలా బిగించావయ్యా?" అని నేను తవిటయ్య మీద పడ్డాను. పార్వతమ్మగారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగు బాబూ. ఎవులు బిగించారో తరవాత. గాలి ఎటెల్తందో ముందు సూడు."

సీటు మడతల్లో ఎప్పుడూ ఉండే జీడిపప్పు పొట్టు చిటికెడు తీసి, కారు ముందు జాలీ దగ్గర వదిలారు. అది లోపలికి పోకుండా ఎగిరొచ్చి ఆవిడ మొహానా కొప్పు మీదా పడింది.

నీలవేణి పకపకా నవ్వింది. "అమ్మగోరూ, ఇది మన పొట్టు ఊదే ఫేనేనండి!"

నిజమే. కార్ఖానాలో ఫ్యాన్లన్నీ పొట్టును అవతలికి ఊదేలా పెట్టడం తవిటయ్యకు చేతి అలవాటు. కారుకూ అలాగే వైర్లు కలిపాడు. నిలబడి ఉన్నంతసేపూ ఎటు ఊదినా చల్లబడుతుంది. కారు పరిగెత్తితే ఆ ఊదుడు ఎదురుగాలితో కుస్తీ పడుతుంది.

"ఓలమ్మా, కారుని కూడా సెరిగేత్తన్నావేట్రా తవిటీ!" అంటూ అందరికంటే ఎక్కువగా ఆవిడే నవ్వారు. తవిటయ్య కూడా నవ్వుతూనే రెండు వైర్లూ అటుదిటు మార్చాడు. ఇంజను చల్లారాక నీళ్లు పోశాం. ఈసారి పొట్టు జాలీకి అతుక్కుపోయింది.

పందిట్లో పెళ్లికొడుకు మేనత్త ఎదురొచ్చి "ఏటమ్మా, ఇంత ఆలీసెమా?" అంది.

"మీ కోడలు గాలిని తిప్పి తెచ్చింది. ఆలీసెం అవదేటి?" అన్నారు పార్వతమ్మగారు. కొప్పులో ఇంకా పొట్టు ఉంది.

ఆవేళ డైరీలో కారు ఎందుకు ఆగిందో వివరంగా రాశాను. ఎవరివల్ల అన్నది రాయాలనిపించలేదు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ ఎవరి పేరూ రాయలేదు. అలా మానేశాక పనివాళ్లు ఏ తేడా వచ్చినా దాచకుండా నా దగ్గరికే వచ్చేవారు.

ఈ ఉదయం కూడా ఫ్యాను చప్పుడు వినగానే జేబులోంచి కాగితం ముక్క తీసి జాలీ దగ్గర పట్టాను.

"ఏటి మావయ్యా, కారుకి హారతిత్తన్నారా?" అంది ఎదురింటి కోడలు.

"గాలి ఎటెల్తందో సూత్తన్నానమ్మా" అని చెయ్యి తీసేశాను. కాగితం జాలీకి అతుక్కుని అక్కడే రెపరెపలాడింది.