గోడ కింద కూర్చున్నామె

గల్ఫ్‌లో జహ్రా ఊరికి వెళ్లే బస్సులో పక్కన కూర్చున్న కడపామె నా చేతిలో ఉన్న లైబ్రరీ పుస్తకంలోని చైనా గోడ బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఈడికి పొయినా నేను. మామా వాళ్లు, అదే నేను పనిచేసే ఇంటి యజమానమ్మోళ్లు, పనికి తీసకపొయినారు."

ఆ గోడ గురించి లైబ్రరీలో దొరికిందల్లా చదివినవాణ్ణి. పైనుంచి కొండలు ఎలా కనిపించాయని ఆత్రంగా అడిగాను.

"యాడ చూస్తి? వాళ్ల చంటిబిడ్డను నా సంకనేసి కిందనే కూర్చోమనిరి. వాళ్లు గోడెక్కి, ఆ ఊరి తిండ్లన్నీ తిని, పొద్దుగూకినాక వచ్చిరి. నాకు ఈన్నించి మోసుకపొయిన ఎండు రొట్టె. మా పాపకు మాత్రం ఎక్కినాననే చెప్పినా అన్నా. పైన ఏం కనపడిందని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతాది."

నాకు ఒళ్లు మండిపోయింది. పేజీ మూల మడిచినవాణ్ణి కూడా క్షమించని నేను, ఆ బొమ్మను పర్రున చించి ఆమె చేతిలో పెట్టాను.

లైబ్రరీలో అడిగితే నేనే చించానన్నాను. క్షమాపణ మాత్రం చెప్పలేదు.