మానుకోటకు సముద్రం కబురు

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, మా ఇంట్లో చేపల పులుసు వాసన వాడ చివరిదాకా పోతుంది. చింతపండు పులుసు బాగా మరిగి, మెంతిపొడి పడి, నూనె పైకి తేలే వేళకు వచ్చే ఆ వాసనకు ఎవరికైనా నోరూరాలి. ఈ ఏడు నాకు నోరూరలేదు, ఒళ్ళు మండింది. గరిటె పట్టుకుని నిలబడ్డ నా పక్కన ఫోను టింగుమని మోగి, ఈ రోజు తీరంలో అలలు మోకాలెత్తుకు మించవనీ, గాలి మెల్లగా వీస్తుందనీ, స్నానాలకు అనుకూలమనీ చెప్పింది. నేనుండేది మహబూబాబాద్‌లో. మేమంతా మానుకోట అంటాం. ఏ పేరు పెట్టి పిలిచినా ఇక్కడ చెరువులు, గుట్టలు, కొత్తగూడ వైపు పోతే అడవి తప్ప సముద్రమన్నది లేదు. విత్తనాలు తెచ్చి పెట్టుకుని మొగులు వైపు చూస్తున్న జనానికి వాన సంగతి చెప్పకుండా ఈ అలల గోల ఏమిటని ఫోనును తిడదామంటే అదీ కుదరదు. ఆ ఒడ్డును అందులో పట్టుబట్టి పెట్టించింది మా ఇంటి మనిషే.

అసలీ గోల ఫోనుతో మొదలైంది కాదు. నా చిన్నప్పుడు, ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా టెంట్లు వేసుకుని కూర్చున్న రోజుల్లో, మానుకోటకు సైకిలు మీద పోయి వచ్చేంత దూరంలో ఉండేది మా ఊరు. ఇంట్లో టీవీ ఉన్నా దానికి కావలసిన వేళకు కరెంటు ఉండేది కాదు కాబట్టి, వెనక మూత పోయి రబ్బరు బ్యాండుతో బ్యాటరీలు కట్టిపెట్టిన బాపు రేడియోనే మాకు దిక్కు. వార్తలయ్యాక వాతావరణం చెప్పే గొంతు ఒకటి వచ్చేది. ఆ గొంతుకు సముద్రమంటే ఎంత ప్రేమో! అల్పపీడనం ఎక్కడ పుట్టింది, ఎటు కదులుతోంది, ఏ తీరంలో అలలు ఎంతెత్తు లేస్తాయి, మత్స్యకారులు ఎన్నాళ్ళు వేటకు పోకూడదు, అన్నీ పిల్లకు జాతకం రాసినంత వివరంగా చెప్పి, ఆఖరున ఊపిరి చాలనట్టు "తెలంగాణలో ఒకటి రెండు చోట్ల జల్లులు" అని ముగించేది. ఏ ఒకటి? ఏ రెండు? కల్లంలో వడ్లు ఆరబోసుకున్న మా బాపుకు ఆ మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కేది.

"మన వడ్లు తడుస్తయా తడవయా గది చెప్పరు గని, ఆల్ల పడవల ముచ్చట మనకెందుకు?" అని కస్సుమని రేడియో చెవి తిప్పేసేవాడు. ఉద్యమం ముదిరినకొద్దీ అలా తిప్పేయడం కూడా ఉద్యమంలో భాగమైపోయింది. రాస్తారోకోకు పోవడానికి వీలుకాని రోజు బాపు సముద్రం వార్తలు ఆపేసి, ఆ పూటకు తన వంతు పని చేసినట్టు తృప్తిగా బీడీ ముట్టించేవాడు.

ఇంట్లో సముద్రం కబురు కావలసిన మనిషి ఒక్కతే ఉండేది, ఆమె బాపును కన్నతల్లి, మా నాయనమ్మ. బాపు పిలిచినట్టే మేమూ ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్ళం. బాపు చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడు ఒళ్ళంతా అమ్మవారు పోసి, కళ్ళు తెరవకుండా పడి ఉన్నాడట. అప్పుడే సముద్ర స్నానం చేసి వచ్చిన చుట్టాలామె ఎవరో చెబితే, కొడుకు బతికితే కార్తీక పున్నమికి సముద్రంలో మునుగుతాననీ, మునిగేదాకా చేప ముట్టననీ అవ్వ మొక్కుకుంది. కొడుకు బతికాడు, మీసాలొచ్చాయి, పెళ్ళయింది, నేను పుట్టాను. మొక్కు మాత్రం అట్లనే ఉండిపోయింది. డోర్నకల్ దాటి ఎరుగని మనిషి, చెరువుగట్టు తప్ప వేరే ఒడ్డు చూడని మనిషి, అసలు సముద్రానికి ఎందుకు మొక్కిందని మా అమ్మ లోలోపల విసుక్కునేది. ఏ గుట్టమీది దేవుడికో మొక్కుకుంటే ఎడ్లబండి మీద పోయి తీర్చుకుని వచ్చేవాళ్ళం కదా!

ఏటా మిరుగం నాడు మేమంతా చేపల పులుసు చుట్టూ కూర్చుని, ముళ్ళు తీసుకుంటూ, వేళ్ళు నాక్కుంటూ తింటుంటే, అవ్వ గడప మీద కూర్చుని బెల్లంలో ఇంగువ పెట్టిన ఉండ నోట్లో వేసుకునేది. చేపలంటే పడని వాళ్ళు ఆ రోజు తినేది అదే. అవ్వకు చేపలు పడకపోవడమేమిటి, ఊరి చెరువు తెగి చేపలు పడితే ఏది కొర్రమీనో ఏది బొచ్చెనో వాసనతోనే చెప్పేది. పులుసులో ఉప్పు తక్కువైందని గడప మీద నుంచే కోడలికి చెప్పి, ఆవిరి వచ్చిన దిక్కుకు మొహం తిప్పుకుని కూర్చునేది. నాకు ఆమె మీద జాలి, దానికి రెట్టింపు కోపం వచ్చేవి.

ఆ సముద్ర ప్రయాణానికి ఏటా ఏదో ఒక అడ్డం. ఒక ఏడు తుఫాను, ఒక ఏడు పత్తి ఏరే కూలీలు దొరకకపోవడం, ఒక ఏడు అమ్మకు టైఫాయిడ్ అయి వరంగల్ దవాఖాన. కార్తీకమంటేనే వరి కోతల కాలం, తుఫాన్ల కాలం. సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు, నువ్వుల పొడి అయిపోయిన డబ్బాలు ఇంకా కడగకముందే కల్లంలో పని మొదలయ్యేది. ఆరబోసిన వడ్లలో కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచి తిరగేయడం మా పిల్లల పని. పాదాల వెనక చాళ్ళు చాళ్ళుగా లేచే వడ్లను చూసి, ఇదే సముద్రం, ఇవే అలలు అని మేము దాంట్లో పడి ఈతలు కొట్టి, దురదకు రాత్రంతా గోక్కునేవాళ్ళం. అవ్వ కొంగు నెత్తిన వేసుకుని ఆ చాళ్ళను అట్లనే చూస్తూ నిలబడేది. "గింతే ఉంటయా అలలు, ఇంకా పెద్దగుంటయా?" అని నన్నడిగేది. నేనేం చూశాను చెప్పడానికి!

వీటన్నిటికీ తోడు ఉద్యమం అవ్వకు కొత్త దిగులు పెట్టింది. టెంటు దగ్గర ఎవరో రాష్ట్రం వేరైతే ఏది ఎవరికి పోతుందో మాట్లాడుతుంటే విన్నది. నీళ్ళు, కొలువులు అన్నీ విని, ఇంటికొచ్చి బాపును నిలదీసింది.

"రాష్ట్రం ఒచ్చినంక సముద్రం ఎవలకు పోతదిరా?"

"ఆల్లకే పోతదవ్వ. మనకు సముద్రం యాడున్నది?"

"మరి మనల్ని ఆడికి పోనిస్తరా?"

బాపు నవ్వాడు, అమ్మ నవ్వింది, పక్కింటివాళ్ళు పిలిపించుకుని మరీ విని నవ్వారు. అవ్వ నమ్మలేదు. పంచాయితీ పడి విడిపోయిన అన్నదమ్ములు ఒకరి బావి దగ్గరికి ఇంకొకరిని రానివ్వకపోవడం ఆమె కళ్ళారా చూసింది, ఆమె లెక్క అది. అట్లాగని తెలంగాణ వద్దన్నదా అంటే అదీ కాదు. నడిరోడ్డు మీద బతుకమ్మ ఆడింది, వంటావార్పుకు చేటెడు బియ్యం పోసింది, జై తెలంగాణ అని అందరికంటే గట్టిగా అరిచింది. రాష్ట్రం రావాలి, కానీ తాను సముద్రంలో మునిగిన మర్నాడు రావాలి. ఈ చిక్కు ఎవరికి చెప్పుకోవాలో తెలియక మా మీద విసుక్కునేది.

చివరికి ఒక కార్తీకంలో అన్నీ కుదిరాయి. వడ్లు ముందే ఇల్లు చేరాయి, మొగులు తేటగా ఉంది, బాపు పున్నమి ముందురోజు సాయంత్రం బండికి టికెట్లు కూడా తెచ్చాడు. అవ్వ కొత్త చీర, పసుపు, కుంకుమ, ఉసిరికాయలు, వత్తులు మూట కట్టింది. నేను సముద్రపు గవ్వలకని చక్కెర సంచి ఒకటి మడిచి పెట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు, అదే రోజుకు రైల్ రోకో అని పిలుపు వచ్చింది. "రోకో పొద్దుగాల, మన బండి పొద్దుమీకి. అప్పటిదాక లేసిపోతం తియ్యి" అని బాపు హామీ ఇచ్చి, తెల్లారేసరికి మెడలో కండువా వేసుకుని పట్టాల మీదికి పోయి కూర్చున్నాడు.

మేము మూటలతో స్టేషనుకు చేరేసరికి సాయంత్రం ఎండ పట్టాల మీద పడుతోంది. లేవడం మాట దేవుడెరుగు, పట్టాల నడుమ పొయ్యిలు పెట్టి పప్పు, అన్నం వండుతున్నారు, డప్పులు మోగుతున్నాయి, పిల్లలు కంకర రాళ్ళతో కచ్చకాయలాడుతున్నారు. మేమెక్కవలసిన బండి వరంగల్లోనే ఆగిపోయిందట. కోస్తా నుంచి హైదరాబాదు పోయే బండి మాత్రం పొద్దటి నుంచీ ప్లాట్‌ఫారం పక్కనే నిలబడి ఉంది. అందులో వాళ్ళు దిగి, విసనకర్రలా కాగితాలు ఊపుకుంటూ, రైల్వేనూ మమ్మల్నీ కలిపి తిట్టుకుంటున్నారు. ఇంజను ముందర, డప్పుకు తాళం వేస్తూ, మా బాపు!

అవ్వ మూట మీద కూలబడింది. ఆ పక్కనే బండి దిగి కూర్చున్న ఒకామెకు మా వాళ్ళు విస్తరిలో అన్నం పెట్టిచ్చారు. సముద్రపొడ్డు పల్లె నుంచి హైదరాబాదులో కూతురింటికి పోతోందట. పున్నమికి రాలేని కూతురి కోసం క్యానులో సముద్రపు నీళ్ళు పట్టుకుపోతోంది. ఆ మాట చెవిన పడగానే అవ్వ లేచి ఆమె దగ్గరికి జరిగి, పుట్టింటివాళ్ళ మంచిచెడ్డలు అడిగినట్టు అడిగింది.

"సముద్రం ఎట్లున్నది చెల్లె?"

ఆమె తినడం ఆపి చూసింది. "బానే ఉందమ్మా."

"రేడియోల దినాం జెప్తరు, అలలు లేస్తయని, గుంజుకపోతయని."

"అది బయట సముద్రం మాట. మా ఒడ్డుకి ముందర ఇసక మేట అడ్డం ఉంటది. పెద్ద అల దాని మీదే విరిగిపోద్ది. మా కాడికొచ్చేతలికి మోకాలెత్తు. చిన్నపిల్లలు కూడా మునిగొస్తారు."

"రేపెట్లుంటది?"

"పున్నమి కదా, కాస్త పోటుంటది. గాలి లేదు మరి. పొద్దున్నే మునిగితే హాయిగా ఉంటది."

ఎన్నేళ్ళుగానో రేడియోకు చెవి ఆనించి అవ్వ వినాలనుకున్న వార్త అది. అవ్వ కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది. మొక్కు సంగతి విన్న ఆమె, చేయి కడుక్కుని, మా చెంబులోకి క్యాను వంచింది. అవ్వ ఆ చెంబు రెండు చేతులా పట్టుకుని ప్లాట్‌ఫారం దిగి, కంకర మీద తడబడుతూ, డప్పుల మధ్య నుంచి బాపు దగ్గరికి నడిచింది.

"నీ పానం కోసం మొక్కిన మొక్కురా! నువ్వే అడ్డం కూసుంటివి!" అంటూ చెంబెడు నీళ్ళూ కొడుకు నెత్తిన పోసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఏదో అభిషేకమనుకుని చప్పట్లు కొట్టి నినాదాలు అందుకున్నారు. బాపు మీసాల మీది నీళ్ళు నాలుకతో తుడుచుకుని, ఉప్పగా తగిలి, తల్లి మొహంలోకి చూసి, మళ్ళీ తలెత్తలేదు.

"రాష్ట్రం రానీ అవ్వ. నేనే తీసుకపోత. జర ఓపిక పట్టు" అన్నాడు.

"గప్పటిదాక సముద్రం ఆగుతది. నేనాగాలె గదరా" అని అవ్వ ఖాళీ చెంబు నా చేతికిచ్చింది. నెత్తిన పోసినంత మాత్రాన మొక్కు తీరినట్టు కాదని, తాను పోయి మునగాలని, ఆ తర్వాతి మిరుగానికి కూడా గడప మీదే కూర్చుని బెల్లం ఉండ మింగింది.

రాష్ట్రం వచ్చింది. ఊరంతా పటాకులు కాలుస్తుంటే అవ్వ మంచంలో నుంచే చేయెత్తి జై కొట్టింది. "ఇగ పోనిస్తరా?" అని ఒకసారి అడిగింది కూడా. పోనిస్తారవ్వా, ఎవరాపుతారు, ఈ కార్తీకానికి పోదామని బాపు ఒట్టేశాడు. అవ్వ ఆ వానకాలం దాటలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కల్లాలు లేవు, వడ్లు కోసిన మిషను నుంచే ట్రాక్టరులో పడి పోతాయి. రేడియో ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు. పట్టాల మీద పొయ్యిలు పెట్టినచోట తళతళలాడే రైళ్ళు వేళకు వచ్చి వేళకు పోతున్నాయి. టికెట్లు ఇంట్లో కూర్చుని కొనొచ్చు. ఏటా కార్తీకానికి నేను కొంటాను, ఏటా బాపు రద్దు చేయిస్తాడు. ఒకసారి మోకాలి నొప్పి, ఒకసారి వరి కోతలు, ఒకసారి ఏమీ లేదు, ఊరికే. అవ్వ పోయిన నాటి నుంచి చేప మాత్రం ముట్టడు. ఈ మిరుగానికి కూడా మేమంతా పులుసు ముందు కూర్చుంటే, బాపు బెల్లం ఉండ పట్టుకుని గడప మీద కూర్చున్నాడు.

"ఒడ్డు ఎట్లుందట బిడ్డా?" అన్నాడు. రోజూ అడుగుతాడు. ఆనాడు స్టేషనులో క్యాను వంచినామె ఒడ్డును ఫోనులో పెట్టించింది అందుకే.

"పెద్ద అలల్లేవట, గాలి లేదట, స్నానానికి మంచిగుందట!" అని అరిచాను. "పట్టాల మీద ఎవ్వల్లేరు బాపు! తుఫాను లేదు, బంద్ లేదు. ఇంకేం అడ్డమున్నదే నీకు?"

బాపు ఉండను వేళ్ళ మధ్య తిప్పాడు.

"నేనొక్కన్నే పోతే, మీ అవ్వ ఏది అని సముద్రం అడిగితే ఏం జెప్పాలె బిడ్డా?"

పులుసు చల్లారిపోయింది. ఫోను మళ్ళీ మోగింది. రేపు కూడా అలలు మోకాలెత్తేనట.